అద్దాల పద్దు

మా ఇంటి లెక్కల పుస్తకంలో కళ్లద్దాలకి విడిగా ఒక పద్దు ఉంటుంది. ఆడిటరు ఆఫీసులో పనిచేసేవాళ్లకి అంటుకునే జబ్బు ఇది. పాల లెక్క, గ్యాసు లెక్కతో పాటు ఫ్రేములూ లెన్సులూ కూడా రాసుకుంటాను. నాకు కుడికన్ను మైనస్ నాలుగు ముప్పావు, ఎడమకన్ను మైనస్ నాలుగున్నర. రెండేళ్లకోసారి బీసెంట్ రోడ్డులో కొత్త జత. సోడాసీసా అడుగులా కనపడకుండా సన్నటి లెన్సు వేయించుకుంటే కాస్త ఎక్కువ. విజయవాడ ఎండలో స్కూటీ మీద తిరగడానికి పవర్ ఉన్న చలవద్దాలు. పెళ్లిళ్లకీ పేరంటాలకీ కాంటాక్ట్ లెన్సులు, వాటిని నానబెట్టే మందునీళ్లు. అన్నీ కలిపితే ఏడాదికి సగటున అయిదు వేలు. 2025 సెప్టెంబరు 22 నుంచి అద్దాల మీద జీఎస్‌టీ 12 శాతం నుంచి 5కి దిగింది కనక ఇకమీదట కొన్ని వందలు తగ్గుతాయేమో.

ముప్పై ఎనిమిదో ఏట లేజరు ఆపరేషను ఆలోచన వచ్చినప్పుడు మొదట తీసింది ఆ పద్దే. ఏడాదికి అయిదు వేల ఖర్చు కొట్టేయడానికి ఒకేసారి ఎంత పెట్టొచ్చు?

నేను వెళ్లిన ఆసుపత్రిలో డాక్టరుకన్నా ముందు కౌన్సెలర్ కలుస్తుంది. మంచి అమ్మాయే. చేతిలో మూడు ధరల కాగితం. బ్లేడుతో పొర లేపే పాత పద్ధతి లాసిక్ రెండు కళ్లకీ 38 వేలు. ఆ పొరని కూడా లేజరుతోనే కోసే ఫెమ్టో లాసిక్ 75 వేలు. పొర లేపకుండా చిన్న గాటులోంచి లోపలి ముక్కని లాగేసే స్మైల్ లక్షా పది వేలు. బయట ఫ్లెక్సీ మీద రాసింది ఒక్క కన్ను ధర, అదీ బ్లేడు పద్ధతికి. పట్టుచీర కొనడానికెళ్తే గుమ్మం దగ్గర వేలాడదీసిన నూలుచీర చీటీ చూపించినట్టు.

ఆ అమ్మాయి లెక్క సూటిగా ఉంది. "మేడమ్, అద్దాలకి ఏడాదికి ఎనిమిది వేలు వేసుకోండి. నలభై ఏళ్లకి మూడు లక్షల ఇరవై వేలు. మీరు పెట్టేది డెబ్భై అయిదు వేలే కదా!"

ఎనిమిది వేలు కాదు, అయిదే. అది సరిచేసుకుంటే సరిపోతుంది. నలభై ఏళ్ల సంగతే అసలు చిక్కు. ముప్పై ఎనిమిదికి నలభై కలిపితే డెబ్భై ఎనిమిది. అప్పటిదాకా ఈ ఆపరేషను ఫలితం ఒకేలా ఉంటుందని ఏ డాక్టరూ అనడు. మధ్యలో రెండు మజిలీలున్నాయి. మొదటిది చత్వారం, రెండోది శుక్లం.

చత్వారం అందరికీ వచ్చేదే. నలభై దాటాక కంటిలోపలి కటకం బిగిసి, దగ్గరివాటి మీద చూపు నిలపడం కష్టమవుతుంది. లేజరు చెక్కేది కంటి ముందుండే కార్నియాని. లోపలి కటకం జోలికి అది పోదు. కాబట్టి ఈ ఏడు ఆపరేషను చేయించుకున్నా నాలుగైదేళ్లలో ఫోను చూడాలన్నా, పన్ను ఫారాల్లో అంకెలు చదవాలన్నా మళ్లీ అద్దాలు పెట్టుకోవాల్సిందే. మైనస్ పవరున్నవాళ్లకి ఇక్కడ ఇంకో సంగతుంది, ఎవరూ చెప్పరు. మైనస్ నాలుగు ముప్పావు కన్నుకి అద్దాలు తీసేస్తే 21 సెంటీమీటర్ల దూరందాకా స్పష్టంగా కనిపిస్తుంది. ఒకటిని పవరుతో భాగిస్తే మీటర్లలో వచ్చే దూరం అది. సూదిలో దారం ఎక్కించాలన్నా, మాత్రల అట్ట వెనక చీమతలంత అక్షరాలు చదవాలన్నా మా ఇంట్లో నా దగ్గరికే వస్తారు. నేను అద్దాలు నెత్తిమీదికి నెట్టి చదివిపెడతాను. ఈ సౌకర్యం యాభై ఏళ్లకీ పోదు. లేజరుతో దూరం చూపు కొనుక్కుంటే దీన్ని అమ్ముకున్నట్టే. ఈ అమ్మకం ఆ ధరల కాగితంలో ఏ వరసలోనూ లేదు.

చత్వారం వస్తుంది కాబట్టి ఆపరేషను దండగ అని తేల్చేద్దామనుకున్నాను. తీరా లెక్క వేస్తే అలా తేలలేదు. ఆపరేషను లేకపోతే నలభై రెండు తర్వాత నాకు కావలసింది ప్రోగ్రెసివ్ లెన్సులు. పైన దూరం, కింద దగ్గర, ఒకే అద్దంలో. మా షాపాయన చెప్పిన ధర జత పన్నెండు వేలు, అంటే ఏడాదికి ఆరు. ఆపరేషను అయితే చదువుకోవడానికి మాత్రం మామూలు ప్లస్ అద్దాలు చాలు, ఏ షాపులోనైనా వెయ్యికి రెండు జతలొస్తాయి. ఏటా మిగిలేది మళ్లీ అయిదు వేలే! డబ్బు మిగులు చత్వారానికి లొంగలేదు. తగ్గిపోయేది హాయి. దేనికోసమైతే 75 వేలు పెడుతున్నానో ఆ అద్దాల్లేని బతుకు నాకు పూర్తిగా దొరికేది నాలుగైదేళ్లు. ఆ తర్వాత సగం.

రెండో మజిలీ శుక్లం. అరవై ప్రాంతాల్లో దానికి ఆపరేషను చేస్తే మసకబారిన కటకం తీసి కృత్రిమ కటకం పెడతారు. దాని పవరు ఎంచుకునేటప్పుడే మైనస్‌ని కూడా సర్దేస్తారు. అంటే లేజరు చేయించుకోకపోయినా నా మైనస్‌కి ఎలాగూ ఒక ముగింపు రాసుంది. ముప్పై ఎనిమిది నుంచి అరవై దాకా ఇరవై రెండేళ్లు, ఏడాదికి అయిదు వేల చొప్పున లక్షా పది వేలు. అందులోంచి మొదటి ఏడాది కంటిచుక్కలు, మళ్లీ పరీక్షలు, సెలవు పెట్టిన రోజుల జీతం తీసేయాలి. ఆ లక్షా పది వేలూ చేతికొచ్చేది ఇరవై రెండేళ్ల మీద, ముక్కలుముక్కలుగా. 75 వేలు పెట్టాల్సింది మాత్రం ఇప్పుడు.

మా మరిదికి ఈ సంగతి చెబితే వెంటనే ఫోను తీసి, "వదినా, డెబ్భై అయిదు వేలు ఏడు శాతానికి వేస్తే పదేళ్లలో లక్షా నలభై ఏడు వేలు" అన్నాడు. అంకె సరైనదే. ఆ వాదన నాకు నచ్చదు. ఆ లెక్కన ఫ్రిజ్జు కొనకూడదు, కాశీ వెళ్లకూడదు. కళ్లకి పెట్టే డబ్బుని ఫిక్స్‌డ్ డిపాజిట్ల వరసలో నిలబెట్టడం కౌన్సెలర్ మొదలెట్టిన తప్పు, మా మరిది దాన్ని తిరగేసి చేశాడు. నా మటుకు ఇది ఫ్రిజ్జు, కాశీల వరసలోది. అప్పుడు అడగాల్సిన ప్రశ్న ఒకటే. ఒక్క రూపాయి కూడా మిగలదని తెలిస్తే, గంజి వార్చేటప్పుడు అద్దాలకి ఆవిరి పట్టని హాయికి, వానలో బండి నడపగలిగే హాయికి, పొద్దున్నే లేవగానే గోడ గడియారం కనిపించే హాయికి నేను 75 వేలు ఇస్తానా? ఇరవై నాలుగేళ్లప్పుడు ఇచ్చేదాన్ని. ముప్పై ఎనిమిదికి చెయ్యి కాస్త వెనక్కి లాగింది.

డబ్బు ఎక్కణ్ణించి వస్తుందన్నది కూడా ధరలో భాగమే. నాకు లక్ష రూపాయల రిజిస్టర్డు చీటీ ఉంది. నెలకి అయిదు వేలు, ఇరవై నెలలు. తొమ్మిదో నెలలో పాట పదిహేను వేల దగ్గర కొడుతోంది. ఇప్పుడు పాడితే చేతికొచ్చేది 85 వేలు. చివరిదాకా ఆగితే ఫోర్‌మన్ కమిషను అయిదు వేలు పోను 95 వేలు. 2019లో చట్టం సవరించి కమిషను 7 శాతందాకా తీసుకోవచ్చన్నారు గానీ మా కంపెనీ అయిదే పట్టుకుంటోంది. ఏమైతేనేం, ఈ తొందరకి పదివేలు. 75 వేల ఆపరేషను నా పుస్తకంలో 85 వేలు.

బీమా ఇస్తుందా అని ఆఫీసులో చాలామంది నన్నే అడుగుతుంటారు. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ అన్ని ఆరోగ్య పాలసీలకీ ఒకేలా రాసిపెట్టిన మినహాయింపుల్లో పదిహేనోది సూటిగా దీని గురించే. చూపు లోపం 7.5 డయాప్టర్లకన్నా తక్కువుంటే దాన్ని సరిచేసే చికిత్సకి డబ్బు రాదు. అంటే నా నాలుగు ముప్పావుకి ఏమీ రాదు. ఏడుంబావు వాళ్లకీ రాదు. పైన ఉన్నవాళ్లకి పాలసీ షరతులూ నిరీక్షణ కాలమూ చూసుకోవాలి. తమాషా ఏమిటంటే, పవరు అంత ఎక్కువున్న చోట చెక్కడానికి కార్నియా చాలక డాక్టర్లు లేజరుకి వెనకాడుతుంటారు. లోపల అదనంగా లెన్సు పెట్టే ఐసీఎల్ చేయించుకోమంటారు, దానికి ఖర్చు ఇంకా ఎక్కువ. ఇక ఆదాయపు పన్నులో లాసిక్ బిల్లుకి మినహాయింపేమీ లేదు. పాత విధానంలో ఉన్నవాళ్లకి ముందస్తు ఆరోగ్య పరీక్షలకి 5,000 దాకా ఉంది, ఆపరేషను దాని కిందికి రాదు.

ఈ మొత్తం వ్యవహారంలో నేను సంతోషంగా ఇచ్చిన డబ్బు పరీక్షలది, రెండున్నర వేలు. కాంటాక్ట్ లెన్సులు ముందే కొన్నాళ్లు మానేసి వెళ్లాలి, లేకపోతే కార్నియా ఆకారం సరిగా తెలియదు. ఆపరేషను చేయించుకుంటే ఈ ఫీజు బిల్లులో తగ్గిస్తామన్నారు. ఆ మాట నాకు రుచించలేదు. పరీక్ష చేసేవాడికి 'వద్దు' అని చెప్పినా నష్టం లేకుండా ఉండాలి. అందుకే అదే పరీక్ష ఊళ్లో ఇంకోచోట కూడా డబ్బు కట్టి చేయించుకున్నాను, ఆపరేషను ఎక్కడ చేయించుకుంటానో చెప్పకుండా.

రెండుచోట్లా కార్నియా మందం ఒకటే వచ్చింది, 508 మైక్రాన్లు. మిల్లీమీటరులో సగం. అందులో లేపే పొరకి 110 పోతుంది. ఒక్కో డయాప్టరు పవరుకి లేజరు పన్నెండు నుంచి పదిహేను మైక్రాన్లు చెక్కుతుంది, నాకు 70 వేసుకున్నారు. మిగిలేది 328. కనీసం 250 ఉండాలి, జాగ్రత్తగల డాక్టర్లు 300 అడుగుతారు. అది కూడా తగ్గితే కార్నియా ముందుకి ఉబికి చూపే చెడే ప్రమాదం ఉంది. బ్యాంకులో కనీస నిల్వ నియమం తెలిసినదాన్ని కనక ఈ లెక్క నాకు చప్పున ఎక్కింది. ఇక్కడ మాత్రం తీసింది మళ్లీ జమ అవదు.

మందం పరీక్ష నెగ్గాను. కాగితపు ముక్క దగ్గర ఆగిపోయాను. కింది రెప్ప లోపల సన్నటి కాగితపు పట్టీ పెట్టి అయిదు నిమిషాలు ఉంచుతారు. కన్నీళ్లతో పది మిల్లీమీటర్లు దాటి తడిస్తే మంచిది. నాది ఆరు దగ్గర నిలిచిపోయింది. పొర లేపేటప్పుడు కార్నియాలో నరాలు తెగుతాయి, కన్నీరు ఊరమని చెప్పేవి అవే. అవి మళ్లీ అల్లుకునేదాకా నెలల తరబడి కళ్లు ఎండిపోయి మండుతాయి. ఇది చాలామందికి వచ్చి సర్దుకునేదే, నాలా ముందే ఎండిన కళ్లవాళ్లకి మాత్రం ఎప్పటికి సర్దుకుంటుందో చెప్పలేరు. మొదటిచోట కౌన్సెలర్ దీనికీ ధర చెప్పింది: "స్మైల్ అయితే నరాలు తక్కువ తెగుతాయి మేడమ్." మాట నిజమే. అదనంగా 35 వేలు. రెండోచోట డాక్టరుగారు ధరలేమీ ఎత్తలేదు. "రోజుకి ఎన్ని గంటలు కంప్యూటరు ముందుంటారు?" అని అడిగారు. జులై 31 రిటర్నుల గడువు, సెప్టెంబరు నెలాఖరు టాక్స్ ఆడిట్ గడువు చెప్పాను. ఆయన నవ్వి, కళ్లు తడిగా ఉండే చుక్కలు రాసిచ్చి, "ముందు ఇది బాగవనివ్వండి, ఆపరేషను ఎక్కడికీ పోదు" అన్నారు.

నాలుగైదేళ్ల పూర్తి హాయి కోసం 85 వేలు పెట్టి, నాకు అన్నం పెట్టే కళ్లతో పందెం కాయడం నాకు కుదరలేదు. చీటీ పాడలేదు.

అయితే ఇదే లెక్క మా మేనకోడలి విషయంలో వేరే జవాబు చెప్పింది. దానికి ఇరవై నాలుగు, హైదరాబాదులో సాఫ్ట్‌వేరు ఉద్యోగం, మైనస్ మూడున్నర, రెండేళ్లుగా పవరు కదల్లేదు. మందం 530. పొరకి 110, చెక్కుడికి 50 పోయినా 370 మిగులుతుంది. కన్నీరు ధారగా ఊరుతోంది. చత్వారానికి ఇంకా పదహారేళ్లకి పైగా ఉంది. నాకు నాలుగైదేళ్లకి పడే ధర దానికి పదహారేళ్ల మీద పరుచుకుంటుంది.

అన్నయ్య సంబంధాలు చూస్తున్నాడు. మన ఊళ్లలో లేజరు ఆసుపత్రులకి పెళ్లికావలసిన ఆడపిల్లలు ఎంత పెద్ద బేరమో చెప్పనక్కర్లేదు. "అద్దాలు తీసి ఫొటో దిగు" అనే మాట నా తరమూ విన్నదే. నాకు ఇరవై నాలుగప్పుడు నాన్న పెళ్లిచూపులకి ముందే చేయించేద్దామన్నారు. అప్పుడు నా పవరు ఏడాదికో పావు చొప్పున పెరుగుతూనే ఉంది. కనీసం ఏడాదిపాటు నిలకడగా ఉంటే తప్ప చెయ్యనని డాక్టరు పంపేశారు. అద్దాలతోనే ఒప్పుకున్న మనిషి దొరికాడు, ఆ మాట వేరే. ఇప్పుడు అన్నయ్య కూడా అదే ధోరణిలో, "పెళ్లి ఖర్చులో ఒక పద్దు వేసేద్దాం" అన్నాడు. అది విని మేనకోడలు నాకు ఫోన్ చేసింది. "అత్తా, నా కళ్లు నా పద్దులోనే రాసుకుంటా. కొండలెక్కుతా, ఈత కొడతా, అందుకు చేయించుకుంటా. వచ్చేవాడికి నచ్చడానికి కాదు." బోనసు డబ్బుందట. వాదన సంగతి పక్కనబెడితే లెక్కల మనిషిగా కూడా నేను దాని పక్షమే. పెళ్లి పద్దులో పడ్డ ఏ ఖర్చునీ మనవాళ్లు బేరమాడరు, తేదీ మార్చరు, వద్దనరు.

దానికొక స్నేహితుడున్నాడు, రైల్వే పరీక్షలకి చదువుతున్నాడు. తనూ చేయించుకుంటానంటే ఆపమన్నాను. అసిస్టెంట్ లోకో పైలట్ ఉద్యోగానికి లాసిక్ చేయించుకున్నవాళ్లు అనర్హులని నోటిఫికేషన్‌లోనే ఉంటుంది. అతని విషయంలో ఆపరేషను ధర ఒక ఉద్యోగం.

మేనకోడలి బిల్లు దగ్గర నేను బాగా కూర్చున్నాను. ఫెమ్టో లాసిక్ అక్కడా 75 వేలే. "వడ్డీ లేని ఈఎంఐ, నెలకి 6,250, పన్నెండు నెలలు" అన్నారు. వడ్డీ లేని అప్పు లోకంలో లేదు. 2013లో రిజర్వు బ్యాంకు కూడా సున్నా వడ్డీ పథకాల మీద ఇదే మాటని బ్యాంకులకి గట్టిగా చెప్పింది. వడ్డీని ధరలో కలిపేస్తారు, అంతే. "ఒకేసారి కట్టేస్తే ఎంత?" అని అడిగించాను. కాసేపు లోపలికెళ్లొచ్చి 69 వేలన్నారు. అంటే ఆ ఉచితపు ఈఎంఐ వడ్డీ ఆరు వేలు. నెలనెలా తగ్గే బాకీ మీద లెక్కగడితే నూటికి రూపాయి ముప్పై పైసలు, ఏడాదికి పదిహేనున్నర శాతం పైమాటే. పైగా ప్రాసెసింగ్ ఫీజు. క్రెడిట్ కార్డు ఈఎంఐ అయితే వడ్డీ మీద 18 శాతం జీఎస్‌టీ కూడా. ఆసుపత్రి బిల్లుకి లేని జీఎస్‌టీ అప్పుకి పడుతుంది. మేనకోడలు యూపీఐలో 69 వేలూ కట్టేసింది. కట్టేముందు కాగితం మీద రాయించుకున్నవి: చుక్కల మందులు అందులో ఉన్నాయా, ఎన్ని నెలల పరీక్షలు ఉచితం, కొద్దిపాటి పవరు మిగిలితే మళ్లీ చెక్కడానికి విడిగా తీసుకుంటారా. మొదటి రెండింటికీ జవాబు తేలిగ్గానే వచ్చింది. మూడోదానికి మాత్రం "సాధారణంగా తీసుకోం మేడమ్" అన్నారు. 'సాధారణంగా' తీసేసి రాయమంటే, రెండేళ్లలోపు తీసుకోం అని రాసిచ్చారు.

స్మైల్‌కి ఇంత ధర ఎందుకని మేనకోడలు అడిగితే, పద్ధతి మంచిదనే కాదు, ఆ యంత్రం మీద ఒక్కో కంటికి ఒక్కసారి వాడే సామాను కంపెనీ దగ్గరే కొనాలని చెప్పాను. ఈ వ్యాపారం మొదట్నించీ అంతే. మద్రాసులో పుట్టిన రంగస్వామి శ్రీనివాసన్ 1981లో అమెరికాలో ఐబీఎం ప్రయోగశాలలో, పండగకి వండగా మిగిలిన టర్కీ కోడి మీద ఎక్సైమర్ లేజరు ప్రయోగించి, పక్కన కాలకుండా కోయొచ్చని సహచరులతో కలిసి కనిపెట్టాడు. అది కళ్లదాకా వచ్చేసరికి అక్కడ రెండు కంపెనీలు పేటెంట్లు కలిపేసుకుని ఒక్కో ఆపరేషనుకి 250 డాలర్ల లైసెన్సు రుసుం పెట్టాయి. 1998లో అమెరికా వాణిజ్య కమిషన్ కలగజేసుకునేదాకా ఆ కూటమి నడిచింది.

ఆపరేషను బాగా జరిగింది. రాత్రిపూట బండ్ల లైట్ల చుట్టూ వలయాలు కొన్ని వారాలు కనిపించి తగ్గాయి, చుక్కలు ఇంకా వేసుకుంటోంది. కంటి లోపలి పొడుగు మారదు, మైనస్ కళ్లకి ఉండే రెటీనా భయం మారదు కాబట్టి ఏడాదికోసారి రెటీనా పరీక్ష మానొద్దన్నారు. ఆ ఫీజు దాని అద్దాల పద్దులో ఇంకా మిగిలే ఉంది.

డిశ్చార్జి రోజున దానితో ఒక పని పట్టుబట్టి చేయించాను. ఆపరేషనుకి ముందు తీసిన కార్నియా వంపు కొలతలు, మందం, పాత పవరు, ఎన్ని మైక్రాన్లు చెక్కారన్నది, అన్నీ సంతకంతో తీసుకోమన్నాను. అరవయ్యో ఏట శుక్లం తీయాల్సొస్తే లోపల పెట్టే కటకం పవరు లెక్క కట్టడానికి ఇవి పనికొస్తాయి. చెక్కిన కార్నియాని కొలిచి మామూలు సూత్రం వాడితే లెక్క తప్పుతుంది. ఫోనులో ఫొటో తీసుకుంటే చాలదా అత్తా అంది. ఇన్‌పేషెంట్ల రికార్డులు కూడా మూడేళ్లు ఉంచితే చాలంటున్నాయి 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నిబంధనలు. దీనికి కావలసింది ముప్పై ఆరేళ్లు. అన్నయ్య ఇంట్లో పొలం పాస్‌బుక్కులు పెట్టే ఫైల్లో ఒక ప్రతి, నా దగ్గర ఒక ప్రతి ఉన్నాయి.